సగం దారి

చౌటుప్పల్ దాటాక చిట్యాల వైపు, 65వ నంబరు జాతీయ రహదారి అంచున నిలబడి ఉన్నారు మీరు. ఇప్పుడిప్పుడే తెల్లవారింది. పక్కన సైకిల్‌కు రెండు పాలక్యాన్లు తగిలించుకున్న ముసలాయన. ఆ పక్కన సద్ది మూటతో ఓ అవ్వ. ఊరు ఇటు, చేలు అటు. పాలకేంద్రమూ అటే.

విజయవాడ బస్సు దూసుకుపోయింది. వెనకే దాని గాలి వచ్చి కొట్టింది. సైకిల్ ఒరిగితే ముసలాయన మోకాలు అడ్డం పెట్టి ఆపాడు. క్యాన్ల మూతలు గలగలలాడాయి.

కుడివైపు చూడండి. దూరంగా తెల్లకారు, గోరంత. దాటేయొచ్చనిపించి కాలు ముందుకు వేస్తారు.

"ఆగు బిడ్డా, అది పోనియ్యి," అవ్వ మీ చెయ్యి పట్టుకుని లాగింది.

నాలుగు వరసల హైవే మీద కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోవచ్చని 2018లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. మీ ముందున్న రెండు వరసలూ, పక్కన తారు అంచూ కలిపి ఎనిమిదిన్నర మీటర్లనుకుందాం. సెకనుకో మీటరు నడిచే అవ్వకు ఎనిమిదిన్నర సెకన్లు కావాలి. ఈలోగా కారు దాదాపు 240 మీటర్లు వచ్చేస్తుంది. ఆ లెక్కన డ్రైవరు ఏ రూలూ తప్పలేదు సుమా! అంత దూరాన ఉన్నది ఎంత జోరుగా వస్తోందో మన కంటికి అందదు, అంతే. అదే 30 వేగమైతే ఆ సెకన్లలో అది వచ్చేది 70 మీటర్లే. మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట 30 దాటొద్దని రోడ్డు భద్రత మీద 2020లో వచ్చిన స్టాక్‌హోమ్ ప్రకటన కూడా చెప్పింది. హైవే మొత్తానికీ 30 పెట్టమంటే నవ్వుతారు, నిజమే. ఊరు ఆనుకుని ఉన్న ఈ కాస్త మేరకైనా వేగం తగ్గించలేరా? లేదంటే కింద నుంచో పైనుంచో ఓ దారి ఇవ్వాలి. రెండూ లేకుండా జాగ్రత్తగా దాటమనడం ఏం న్యాయం? 2022 ఒక్క ఏడాదే దేశంలో 32 వేల మందికి పైగా పాదచారులు రోడ్ల మీద చనిపోయారు.

తెల్లకారు సర్రున వెళ్లిపోయింది. వెనక లారీ ఇంకా చాలా దూరంలో ఉంది.

"నడువు!"

ముసలాయన సైకిల్ నెట్టుకుంటూ పరుగులాంటి నడక మొదలెట్టాడు. మీరు క్యారియర్ పట్టుకుని తోస్తున్నారు. డివైడర్ అంచు చక్రానికి తగిలింది, ఇద్దరూ కలిసి ఎత్తారు. ముగ్గురూ గన్నేరు మొక్కల మధ్య ఇరుక్కుని నిలబడ్డారు.

"ఇగ ఎడమదిక్కు చూడు," అంటోంది అవ్వ. "హైదరాబాద్ పోయేటియి ఇంకా జోరుగొస్తయ్."