వంతు కోసం ఆగేవి, ఆగనివి

కుంపటి దగ్గరికి జరగండర్రా. ఖర్కాయ్ ఏటి మీంచి గాలి తోలితే కద్మాలో పుష్యమాసం చలి ఎముకల్లో దిగిపోద్ది.

మా నాయన సిక్కోలు నుంచి వచ్చి టాటానగర్‌లో దిగేనాటికే ఈ ఊళ్లో మాట్లాడేవాళ్లకి కొదవ లేదు. 1928లో టాటా ఉక్కు ఫ్యాక్టరీలో పనోళ్లని తగ్గిస్తారన్న భయంతో పెద్ద సమ్మె రగిలింది. సమ్మె నాయకుడు మానెక్ హోమీ లేచి మాట్లాడితే జనం ఊగిపోయేవారట. సమ్మె నడుస్తుండగానే సుభాష్ చంద్రబోసు వచ్చి లేబర్ అసోసియేషన్ పగ్గాలు పట్టాడు. సెప్టెంబరులో ఒప్పందం కుదిరింది. అప్పటికి నెలల తరబడి జీతాల్లేవు. పిల్లల ఆకలి విన్నవాడు కాబట్టే బోసు అలా ఒప్పుకున్నాడని మా నాయన అనేవాడు. హోమీ మనుషులకి మాత్రం అది గొంతు దిగలేదు, ఆయన వేరే ఫెడరేషన్ పెట్టేశాడు. నాకైతే మా నాయన మాటే సబబు.

తర్వాత 1956లో, మైకేల్ జాన్ యూనియన్ అధ్యక్షుడిగా ఉన్న రోజుల్లో, కంపెనీతో ఇంకో ఒప్పందం జరిగింది. దాంతో డిపార్టుమెంటు కౌన్సిళ్లు వచ్చాయి. ఆఫీసర్లూ, పనోళ్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఉత్పత్తి గురించీ, భద్రత గురించీ మాట్లాడుకోవడం. మనోళ్లలో చాలామందికి అప్పటిదాకా సాహెబు ముందు కుర్చీలో కూర్చోవడమే తెలీదు!

అలాంటి ఓ మీటింగులో కొలిమి ఇటుకలు విరిగిపోతున్నాయన్న మాట వచ్చింది. అందరం తలో మాటా అన్నాం. చైబాసా వైపు నుంచి వచ్చిన హో తెగ ఖలాసీ ఒకాయన మూల కూర్చుని నోరు విప్పలేదు. ఈ ఊళ్లో తెలుగూ, ఒడియా, బెంగాలీ, సంతాలీ, పంజాబీ అన్నీ ఉన్నా మీటింగు నడిచేది హిందీలో. ఊరుకున్నాడు కదా, ఒప్పుకున్నాడని రాసేసుకుంటాం. అతని భాష వచ్చిన ఓ పెద్దాయన లేచి వెళ్లి పక్కన కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు ఖలాసీ: "ఒక్కో ఇటుకని రెండుసార్లు ఎత్తి దించుతున్నాం. విరిగేది ఆ రెండోసారే. వ్యాగను అవతలి పక్కన ఆపితే ఒక్కసారే దించొచ్చు." మా అందరి ఉపన్యాసాలూ అక్కడితో సరి. అతని చేతులకి తెలిసింది మాకెవరికీ తెలీలేదు.

అలాగని ఎప్పుడూ వింటూ కూర్చోమని కాదర్రా. క్రేను కింద మనిషి ఉన్నాడనుకో, అక్కడ సీనియరెవరు, జూనియరెవరు? కొత్తగా చేరిన కుర్రాడైనా కేకెయ్యాలి. మిల్లు హోరులో కేక వినబడకపోతే రెండు చేతులూ ఎత్తి ఊపాలి. పొరపాటు పడితే తర్వాత నాలుగు తిట్లు తినొచ్చు, పోయేదేముంది?

ఒరే పెద్దోడా, రేపు సంక్రాంతి కమిటీ మీటింగుకి పోతున్నావు కదా. ముందు బస్తీ ఆడవాళ్లని అడుగు, నీళ్లు ఎన్నింటికొస్తున్నాయో, ముగ్గుల పోటీ ఎప్పుడు పెడితే వాళ్లకి వీలో. వాళ్లు చెప్పింది పూర్తిగా విని, అప్పుడు లే. పందిరి దగ్గర వైరు తెగి వేలాడుతోందన్నావే, దానికి మాత్రం మీటింగుదాకా ఆగకు. ఇప్పుడే పోయి చెప్పిరా. మఫ్లరు కట్టుకుని పో.