బ్యాంజో ఎవరిది? డాలీ పార్టన్ ఆల్బమ్ విన్నాక కొన్ని మాటలు

పోయిన భాగంలో డప్పు గురించి రాస్తే ఒక విద్యార్థి అడిగాడు: "సార్, మన వాద్యాన్ని వాళ్లు ముట్టుకోవడానికే ఇష్టపడలేదు. అదే ముట్టుకుని, నేర్చుకుని, మాదే అంటే ఎట్లా ఉండేది?"

రెండు రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. జవాబు ఒక అమెరికన్ ఆల్బమ్‌లో దొరికింది. నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి, సంగీతశాస్త్రం నాకు రాదు. కాబట్టి రాగాల జోలికి పోను, మనుషుల గురించి చెప్తాను.

డాలీ పార్టన్ 1946లో టెన్నెసీ కొండల్లో పుట్టింది. పన్నెండు మంది పిల్లల్లో నాలుగోది. తండ్రికి చదవడం, రాయడం రాదు. కాన్పు చేసిన డాక్టరుకు ఇవ్వడానికి డబ్బుల్లేక మొక్కజొన్న పిండి బస్తా ఇచ్చారట. కంట్రీ పాటలతో, సినిమాలతో లోకమంతా తెలిసిన తర్వాత, 1999లో ఆమె ‘ద గ్రాస్ ఈజ్ బ్లూ’ అనే ఆల్బమ్ చేసింది. అది బ్లూగ్రాస్, అంటే తన కొండల సంగీతం. అందులో డ్రమ్స్ వినపడవు, కరెంటు గిటార్లు ఉండవు. ఫిడేలు, మాండలిన్, గిటార్, బ్యాంజో, వాటి మీద గొంతు. 2001లో దానికి ఉత్తమ బ్లూగ్రాస్ ఆల్బమ్‌గా గ్రామీ వచ్చింది. పేదవాళ్లలా పాడాలంటే ముందు తాను డబ్బున్నదాన్ని కావాల్సి వచ్చిందని ఆమె నవ్వుతూ అన్న మాట ఒకటుంది. నవ్వులో పడి వదిలేసే మాట కాదది.

ఆల్బమ్‌లో నన్ను ఆపింది హేజెల్ డికెన్స్ రాసిన పాట. ఆమె వెస్ట్ వర్జీనియా బొగ్గుగని కుటుంబంలోంచి వచ్చి, బాల్టిమోర్ ఫ్యాక్టరీల్లో పనిచేసిన మనిషి. ఊపిరితిత్తుల్లో బొగ్గు ధూళి పేరుకుని చనిపోయిన అన్న మీద పాట కట్టింది. ‘హార్లన్ కౌంటీ, యూఎస్ఏ’ అనే గని కార్మికుల సమ్మె డాక్యుమెంటరీలో ఆమె గొంతు ఉంటుంది. డాలీ ఎంచుకున్నది ఆమె సమ్మె పాట కాదు, పాత జ్ఞాపకాల పాట. అయినా ఆ పేరు అక్కడ ఉండటం చిన్న విషయం కాదు. పేద తెల్లవాళ్ల శ్రమకు ఈ సంగీతంలో ఒక చిరునామా ఉంది.

ఇప్పుడు బ్యాంజో దగ్గరికి రండి. ఈ ఆల్బమ్‌లో దాన్ని వాయించింది జిమ్ మిల్స్ అనే తెల్ల కళాకారుడు, అద్భుతంగా వాయించాడు. కానీ ఆ వాద్యం ఆ కొండల్లో పుట్టలేదు. పశ్చిమ ఆఫ్రికాలో ఎండిన సొరబుర్ర మీద తోలు బిగించి, కర్ర గుచ్చి, తీగలు కట్టిన వాద్యాలున్నాయి. సెనెగల్, గాంబియా ప్రాంతపు జోలా ప్రజల అకాంటింగ్ ఇప్పటికీ మోగుతోంది. ఓడల్లో గొలుసులతో తెచ్చిన మనుషులు ఆ జ్ఞాపకంతోనే అమెరికా గడ్డ మీద బ్యాంజో కట్టుకున్నారు. ఇది ఉద్యమకారులు కల్పించిన కథ కాదు. బానిసల యజమాని థామస్ జెఫర్సనే 1780ల్లో తన వర్జీనియా పుస్తకంలో, వాళ్లు దీన్ని ఆఫ్రికా నుంచి తెచ్చుకున్నారని రాసిపెట్టాడు. మన దగ్గర డక్కలోళ్ల కిన్నెరకు సొరబుర్ర, డప్పుకు తోలు. ఈ రెండూ కలిసిన వాద్యం అనుకోండి.

తర్వాత 1830, 40ల్లో తెల్ల కళాకారులు ముఖాలకు మసి పూసుకుని, నల్లవాళ్లను వెక్కిరిస్తూ అదే బ్యాంజోతో వేదికలెక్కారు. టికెట్లు కొని జనం నవ్వారు. ఆ అవమానం వాద్యానికి అంటుకుంది. కాలక్రమంలో నల్లవాళ్లలో చాలామంది దాన్ని కింద పెట్టేయడానికి అదీ ఒక కారణం. 1920ల్లో రికార్డు కంపెనీలు వచ్చి మిగిలిన పని పూర్తి చేశాయి. నల్లవాళ్లు పాడితే ‘రేస్ రికార్డ్’, కొండల తెల్లవాళ్లు పాడితే ‘హిల్‌బిల్లీ’. పక్కపక్క పొలాల్లో ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్న పాటను రెండు అరల్లో సర్దారు. మన దగ్గర ఊరు, వాడ ఉన్నట్టు. ఆ అరలే తర్వాత చరిత్ర అయ్యాయి.

బ్లూగ్రాస్ పితామహుడిగా చెప్పే బిల్ మన్రో కుర్రతనంలో కెంటకీలో ఆర్నాల్డ్ షుల్జ్ అనే నల్ల కళాకారుడి పక్కన కూర్చుని డాన్సులకు గిటార్ వాయించాడు. షుల్జ్ తండ్రి బానిసత్వంలోంచి బయటపడినవాడు. షుల్జ్ కూలి పనులు చేసుకుంటూ ఊరూరా వాయించి, 1931లో చనిపోయాడు. ఒక్క రికార్డు కూడా లేదు. అతని దగ్గర నేర్చుకున్నానని మన్రో స్వయంగా ఒప్పుకున్నాడు, దాచలేదు. అయినా బ్లూగ్రాస్ అనగానే కళ్ల ముందు మెదిలేది టోపీ పెట్టుకున్న తెల్ల మనిషే. ఒక వ్యక్తి నిజాయితీగా ఉన్నంత మాత్రాన వ్యవస్థ నిజాయితీగా ఉండదు.

మరి డాలీని తప్పు పట్టాలా? ఆమె తన ఇంటి పాట తాను పాడుకుంది, అందులో దొంగతనం లేదు. కానీ పేదరికాన్ని అంత బాగా గుర్తుపెట్టుకున్న మనిషి, అంతర్యుద్ధాన్ని కాలక్షేపంగా చూపించే విందు ప్రదర్శనను ‘డిక్సీ స్టాంపీడ్’ పేరుతో ఏళ్ల తరబడి నడిపింది. విమర్శలు వచ్చాక 2018లో ‘డిక్సీ’ తీసేసింది. పేదరికం తెలిసినంత మాత్రాన జాతి వివక్ష తెలియదు. మన దగ్గర పేద అగ్రకులపు మిత్రులతో మాట్లాడిన ప్రతిసారీ నాకు ఎదురయ్యేది ఇదే.

2005లో నార్త్ కరోలినాలోని బూన్ పట్టణంలో నల్ల బ్యాంజో కళాకారుల సమావేశం జరిగింది. అక్కడ కలిసిన యువకులే ‘కరోలినా చాక్లెట్ డ్రాప్స్’ బృందం కట్టారు. జో థాంప్సన్ అనే ముసలాయన, నల్ల ఫిడేలు కళాకారుడు, ఇంట్లో కూర్చోబెట్టుకుని వాళ్లకు పాటలు నేర్పాడు. సిగ్గుపడి కింద పెట్టినదాన్ని మనవల తరం చేతిలోకి తీసుకుంది. 1994 తర్వాత దండోరా సభల్లో డప్పు ఎట్లా భుజానికెక్కిందో చూసినవాళ్లకు దీన్ని నేను వివరించక్కర్లేదు.

ఆ బృందంలోని రియానన్ గిడెన్స్ 2024లో బియాన్సే ‘టెక్సాస్ హోల్డెమ్’ పాటకు బ్యాంజో వాయించింది. బిల్‌బోర్డ్ కంట్రీ పాటల జాబితాలో ఒక నల్లజాతి స్త్రీ మొదటి స్థానానికి చేరడం అదే తొలిసారి. అదే ఆల్బమ్‌లో బియాన్సే ‘జోలీన్’ను మాటలు మార్చి పాడితే, దానికి ముందు పలకరింపుగా వినిపించే గొంతు డాలీ పార్టన్‌ది.

వచ్చే భాగం డిఫోర్డ్ బెయిలీ గురించి. గ్రాండ్ ఓల్ ఆప్రీ రేడియో కార్యక్రమంలో తొలి తారల్లో ఒకడు, మౌత్ ఆర్గన్ వాయించేవాడు. 1941లో తీసేశాక నాష్‌విల్‌లో బూట్ల పాలిష్ దుకాణం పెట్టుకుని బతికాడు.

జై భీమ్.