గోధుమల రూపాయలు, గ్రంథాల గది: పశ్చిమ ప్రకాశం వైపు నుంచి ఒక ఉభయదేశ కేంద్రం

రెండు దేశాల పేరుతో నడిచే సాంస్కృతిక కేంద్రం నిజంగా ఇద్దరిదా కాదా అన్నది గుమ్మం మీది బోర్డు చూసి తేలదు. ఖర్చు ఎవరిది, నిర్ణయం ఎవరిది, డబ్బు ఆగిపోయాక బరువు ఎవరిమీద పడింది అని అడగాలి. తెలుగునాట ఈ ప్రశ్నలు వేసి చూడదగ్గ సంస్థ 1964లో హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో వెలసిన అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్. దాన్ని మార్కాపురం, కంభం వైపు నుంచి చూడడానికి కారణం ఉంది. ఈ సీమకు అమెరికాతో సంబంధం అంతకు దాదాపు వందేళ్ల కిందటే మొదలైంది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి దొరికేలా చేశాడు. ఆ తర్వాత అప్పటి కర్నూలు జిల్లాలోని కంభం, మార్కాపురం కూడా మిషన్ కేంద్రాలయ్యాయి. డబ్బు, పెద్ద నిర్ణయాలు బోస్టన్ నుంచి వచ్చేవి. అయినా ఈ చరిత్రను దొరల కథగా రాస్తే సగం పోతుంది. కనిగిరి వైపు తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య, అప్పటికే మాదిగలలో గురువుగా పేరున్నవాడు, ఊరూరా తిరిగి తన మాటల్లో చెప్పకపోతే క్రైస్తవ బోధ ఇక్కడ వేళ్లూనేది కాదు. బయటినుంచి వచ్చినదాన్ని స్థానికులు తమదిగా చేసుకున్నప్పుడే అది నిలిచింది. హైదరాబాదు కేంద్రం విషయంలోనూ నేను వెతికింది అదే.

ఆ కేంద్రం పుట్టుక వెనక గోధుమలున్నాయి. 1954లో అమెరికా చేసిన పబ్లిక్ లా 480 కింద మన దేశం 1956 నుంచి ధాన్యం కొన్నది, డాలర్లలో కాదు, రూపాయల్లో. ఆ రూపాయలు అమెరికా ఖాతాలో ఇక్కడే పోగుపడ్డాయి. 1960ల దశాబ్ది నడుమ వరస కరువుల్లో దిగుమతులు ఎంత పెరిగాయో, ఆ నిల్వా అంత పెరిగింది. అప్పట్లో బడుల్లో పిల్లలకు పెట్టిన ఉప్మా, కలిపి పోసిన పాలపొడి అదే చట్టం కింద ఉచితంగా వచ్చినవి. రేషను గోధుమలు మాత్రం మనం కొన్నవే. అలా కొన్నందుకు పోగుపడిన రూపాయల్లోంచే పుస్తకాలకు, ఫెలోషిప్పులకు, గ్రంథాలయాలకు డబ్బు వచ్చింది. కాబట్టి ఈ కేంద్రాన్ని ఒట్టి అమెరికా దానంగా చెప్పడం సరికాదని నా అభిప్రాయం. వానలు లేని ఊళ్ల ఆకలికీ అందులో వాటా ఉంది.

కేంద్రం చేసిన మేలు పెద్దది. అమెరికా సాహిత్యం, చరిత్ర, రాజనీతి మీద లక్షకు పైగా గ్రంథాలు ఒకే చోట చేరాయి. దేశం నలుమూలల కాలేజీల అధ్యాపకులకు గ్రాంటు ఇచ్చి, వచ్చి ఉండి చదువుకునే వీలు కల్పించారు. ఇండియన్ జర్నల్ ఆఫ్ అమెరికన్ స్టడీస్ అక్కడినుంచే వెలువడింది. కాలేజీ లైబ్రరీలో గైడ్లు తప్ప దొరకని మారుమూల లెక్చరర్‌కు అమెరికన్ నవలాకారుడు ఫాక్‌నర్ రచనలన్నీ ఒక అలమరలో కనిపించడం అంటే ఏమిటో, అలాంటి ఊళ్లలో పాఠం చెప్పినవాళ్లకు వేరే వివరించనక్కర్లేదు.

అదే రూపాయలు ఎదురు దిక్కుకూ పనిచేశాయి. 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం తెలుగు సహా భారతీయ భాషల పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపింది. తెలుగు సాహిత్య పండితుడు వెల్చేరు నారాయణరావు దశాబ్దాల పాటు బోధించిన విస్కాన్సిన్ వంటి చోట్ల దక్షిణాసియా అధ్యయనాలకు ఆ పుస్తకాలు పునాది. హైదరాబాదు కేంద్రం గురించి రాసేవాళ్లు ఈ రెండో ప్రవాహాన్ని పక్కన పెట్టేస్తారు. రెంటినీ కలిపి చూస్తేనే ఇచ్చిపుచ్చుకోలు పూర్తిగా కనిపిస్తుంది.

1974లో రూపాయి నిల్వలో పెద్ద భాగాన్ని అమెరికా భారత్‌కే వదిలేసింది. మిగిలినదీ క్రమంగా కరిగింది. 1990లలో సాయం తగ్గేసరికి కేంద్రం ఇండో-అమెరికన్ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ స్టడీస్ అయింది. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయ అంతర్జాతీయ కార్యక్రమాల కేంద్రంగా మారింది. చివరికి బరువు మోసింది విశ్వవిద్యాలయమే. దీనికి భిన్నమైన ఉదాహరణ ఫుల్‌బ్రైట్. 1950లో అమెరికా పేరుతో మొదలైన ఆ ఫెలోషిప్పుల ఫౌండేషన్‌కు 2008 ఒప్పందంతో భారత్ సమాన భాగస్వామి అయింది, ఫెలోషిప్పులకు నెహ్రూ పేరు చేరింది. ఖర్చులో సగం మనదయ్యాక ఎంపికలో మాట కూడా మనదవుతుంది. హైదరాబాదు కేంద్రానికి ఆ ఏర్పాటు మొదట్లోనే జరిగి ఉండాల్సింది.

మరో లోటు భాషది. కేంద్రం ఇంగ్లీషు శాఖలకు ఎంత దగ్గరైందో తెలుగు చదువరికి అంత దూరంగా ఉండిపోయింది. ఫోర్డ్ ఫౌండేషన్ తోడ్పాటుతో మద్రాసులో నడిచిన దక్షిణ భాషా పుస్తక సంస్థ తెలుగు పుస్తకాల కోసం చేసిన పనిని పక్కన పెడితే ఈ ఖాళీ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇక చేయాల్సిన పని ఉంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం వెలువరించిన కొనుగోళ్ల జాబితాలను తెలుగు విభాగం వరకు విప్పి, ఒంగోలు, కర్నూలు, మార్కాపురం అచ్చు పుస్తకాలను ఏరి, అవి ఏ విశ్వవిద్యాలయాలకు చేరాయో పట్టిక కట్టాలి. కంభం, మార్కాపురం మిషన్ బడుల రిజిస్టర్లు చెదలు పట్టకముందే వాటి నకళ్లు తీయించాలి. జిల్లా కాలేజీల చరిత్ర, ఇంగ్లీషు శాఖలు చేతులు కలిపితే ఇది వాళ్ల శక్తికి మించిన పనేమీ కాదు.