అంకణం నుంచి కార్పెట్ దాకా

నెల్లూరులో ఇళ్ళస్థలం బేరమాడేవాళ్ళు "అంకణం ఎంత?" అని అడుగుతారు. తిరుపతిలోనూ అదే మాట. మాట ఒకటే గానీ కొలత ఒకటి కాదు. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, అంటే ఎనిమిది గజాలు. తిరుపతి అంకణం 36 చదరపు అడుగులు, నాలుగు గజాలు. ఒక ఊరి ధర విని ఇంకో ఊళ్ళో బేరం చేస్తే సగానికి సగం తేడా వస్తుంది. అక్కడివాళ్ళకి ఇది తెలిసిన సంగతే కాబట్టి ఎవరూ మోసపోరు. బయటనుంచి వెళ్ళినవాళ్ళే తికమకపడతారు.

ఈ తేడా ఎలా వచ్చిందో అర్థం కావాలంటే అంకణం అనే మాట పుట్టిన చోటికి పోవాలి. అది నేలమీద పుట్టలేదు, కప్పులో పుట్టింది. దూలానికీ దూలానికీ మధ్య ఉన్న జాగా అంకణం. రెండు స్తంభాల నడిమి జాగాని కూడా అలాగే అన్నారు. మట్టి మిద్దె అయినా పెంకుటిల్లయినా కప్పు బరువు మోసేది దూలాలే. రెండు గోడల మధ్య రెండు దూలాలు వేస్తే మూడు అంకణాలు, నాలుగు వేస్తే అయిదు. "ఎన్ని అంకణాల ఇల్లు?" అని అడిగితే జవాబు చెప్పడానికి టేపు అక్కర్లేదు, మేస్త్రి అక్కర్లేదు. వెల్లకిలా పడుకుని పైకి చూసి లెక్కపెట్టుకోవచ్చు. చదువు రాని ముసలమ్మ కూడా తన ఇల్లు ఎంతో తప్పు లేకుండా చెప్పగలిగేది. (కన్నడంలో ఇదే మాటని పత్రికల్లో కాలమ్‌కి వాడుకుంటున్నారు. స్తంభాల మధ్య జాగా నుంచి అచ్చు కాగితం మీద గీతల మధ్య జాగాకి! మనకి మాత్రం ఆ ఆలోచన రాలేదు, "శీర్షిక"తో సరిపెట్టుకున్నాం.)

అన్నదమ్ములు ఇల్లు పంచుకునేటప్పుడు ఈ లెక్క బాగా పనికొచ్చేది. తూర్పువైపు రెండంకణాలు పెద్దవాడికి, పడమటివైపు రెండు చిన్నవాడికి, నడిమి అంకణం ఉమ్మడి నడవ. దూలం కింద అడ్డగోడ లేపితే పంపకం అయిపోయినట్టే. హద్దు ఎక్కడ అనే తగవు రాదు, హద్దు నెత్తిమీదే ఉంది కాబట్టి. తగవల్లా ఆ దూలం ఎవరిది, అది పుచ్చిపోతే మార్పించే ఖర్చు ఎవరిది అనే!

అయితే అంకణం న్యాయమైన కొలత అనుకుంటే పొరపాటే. దూలాల మధ్య ఎడం ఎంత ఉండాలో, దూలం ఎంత పొడుగు ఉండాలో నిర్ణయించేది చెట్టు. టేకు దూలం వేయించుకోగలిగినవాడి అంకణం వేరు, తాటి దూలంతో సరిపెట్టుకున్నవాడి అంకణం వేరు. ఇద్దరూ "మూడంకణాల ఇల్లు" అనే చెప్పుకుంటారు. లెక్క ఒకటే, లోపల జాగా ఒకటి కాదు. ఒక్కో ప్రాంతం తన అలవాటుని బట్టి ఒక్కో అంకె దగ్గర స్థిరపడిందని, నెల్లూరు-తిరుపతి తేడా అలా వచ్చిందేనని నా ఊహ.

ఇంటి భాగాన్నే కొలతగా వాడుకోవడం మన ఒక్కరి అలవాటేం కాదు. జపాన్‌లో గదిని తతామి చాపల్లో చెబుతారు. నాలుగున్నర చాపల గది, ఆరు చాపల గది అని. అక్కడా ఇదే పేచీ: క్యోటో చాప పెద్దది, టోక్యో చాప చిన్నది. వాళ్ళు మాత్రం ఇళ్ళ ప్రకటనల్లో చాప అని రాస్తే అది కనీసం 1.62 చదరపు మీటర్లు ఉండాలని నియమం పెట్టుకున్నారు. మాటని ఉంచి అంకెని బిగించారన్నమాట. మనం మాటని ఇళ్ళమీంచి తీసేసి ఖాళీ స్థలాలకి తగిలించాం. కప్పే లేని చోట, దూలమే లేని చోట ఈ రోజు అంకణాలు అమ్ముతున్నారు.

మిగతా చోట్ల వేరే కొలతలు గెలిచాయి. హైదరాబాదులో గజం. పారసీ నుంచి వచ్చిన మాట అది. అక్బరు కాలపు ఇలాహీ గజం 41 వేళ్ళ పొడుగు. ఉత్తరాదిన ఇంగ్లీషువాళ్ళు దాన్ని 33 అంగుళాలకి కట్టేశారు. ఇప్పుడు మనం గజం అంటున్నది మాత్రం ఇంగ్లీషు యార్డే, 36 అంగుళాలు. పైగా "రెండొందల గజాల ప్లాటు" అంటాం గానీ చదరపు అనే మాటే ఎత్తం. పొడుగుని కొలిచే మాట వైశాల్యాన్ని మోస్తోంది, ఎవరికీ ఇబ్బంది లేదు. కోస్తాలో, సీమలో సెంటు. ఎకరంలో నూరో వంతు, 48.4 గజాలు. సర్వే గొలుసు పొడుగు 66 అడుగులు, అందులో నూరు లింకులు; పది చదరపు గొలుసులు ఎకరం. ఆ గొలుసు లెక్క నుంచి దిగినదే ఈ సెంటు. మద్రాసు తెలుగువాళ్ళకి గ్రౌండు, 2400 చదరపు అడుగులు. బెంగళూరులో కట్టుబడిని నూరేసి అడుగుల చదరాల్లో చెబుతారు. ఇవన్నీ నేలని కొలిచేవో, మొత్తం కట్టుబడిని కొలిచేవో. గది లోపల ఎంత జాగా ఉందో వీటిలో ఏదీ చెప్పదు.

అక్కడే అసలు తగాదా మొదలవుతుంది. గదిని గోడ లోపలినుంచి కొలవాలా, బయటినుంచి కొలవాలా?

ఇది బిల్డర్లు వచ్చాక పుట్టిన ప్రశ్న కాదు. మన వాస్తులో ఆయం కట్టే పద్ధతి ఉంది. ఇంటి పొడుగు వెడల్పుల నుంచి వచ్చిన లెక్కని ఎనిమిదితో భాగించి, శేషాన్ని బట్టి ధ్వజాయమో ధూమాయమో సింహాయమో తేలుస్తారు. ఆ పొడుగు వెడల్పులు లోకొలతా, వెలికొలతా అన్నదాని మీద వాస్తు చెప్పేవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు. ఒక పద్ధతిలో శుభమైన ఇల్లు ఇంకో పద్ధతిలో కాకాయంలో పడొచ్చు. వాస్తుమీద నమ్మకం ఉన్నా లేకపోయినా, గోడ మందం ఎవరి ఖాతాలో వెయ్యాలి అనే ప్రశ్న పాతదని మాత్రం దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ మందం ఎంతో ఒకసారి చూద్దాం. లోపల 10 అడుగులు, 12 అడుగులు ఉన్న గది తీసుకోండి. నేల 120 చదరపు అడుగులు. చుట్టూ తొమ్మిదంగుళాల ఇటుక గోడ కడితే బయట కొలత పదకొండున్నర, పదమూడున్నర. వైశాల్యం 155.25. అంటే 35 పైచిలుకు అడుగులు గోడల కిందే పోయాయి. తిరుపతి లెక్కలో ఇంచుమించు ఒక అంకణం! అదే పాతకాలపు రెండడుగుల మట్టిగోడ అయితే బయట 14, 16 అవుతుంది. మొత్తం 224 అడుగుల్లో గోడలే 104. వేసవిలో ఆ ఇల్లు చల్లగా ఉండడానికి కారణం ఆ 104 అడుగులే. కానీ ఆ రోజుల్లో ఎవరైనా గోడలతో కలిపి అడుగుల లెక్కన ఇల్లు అమ్ముతానంటే నవ్వేవాళ్ళు.

ఇంజినీర్లు ఈ రెంటికీ రెండు పేర్లు పెట్టారు. గోడల బయటినుంచి బయటికి కొలిస్తే ప్లింత్ ఏరియా. మన మేస్త్రీలు బేస్‌మట్టం అంటారే, దాని మీద లేచిన మొత్తం కట్టుబడి. గోడలు తీసేసి లోపల వాడుకునే నేల కార్పెట్ ఏరియా. తివాచీ పరచగలిగినంత మేర అన్నమాట. భారతీయ ప్రమాణాల్లో 3861 నంబరుది ఈ కొలతల గురించే. అందులో కార్పెట్ ఏరియా లెక్కనుంచి గోడలే కాదు, వరండా, నడవ, మెట్లు, స్నానాలగది, చివరికి వంటిల్లు కూడా తీసేశారు. ఆఫీసు భవనాలని మనసులో పెట్టుకుని రాసినట్టుంది. వంటింట్లో తివాచీ పరచరు, నిజమే. కానీ మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు రోజులో సగం గడిపేది అక్కడే కదా! దాన్ని వాడుకునే జాగా కాదనడానికి ఎవరికి మనసొప్పిందో. ఈ లెక్క ప్రకారం ఇళ్ళల్లో కార్పెట్ ఏరియా ప్లింత్ ఏరియాలో 50 నుంచి 65 శాతం దాకా ఉంటుందని సివిల్ ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకాలు చెబుతాయి.

సొంత స్థలంలో సొంత ఇల్లు కట్టుకున్నంతకాలం ఈ గొడవ ఎవరికీ పట్టలేదు. అపార్ట్‌మెంట్లు వచ్చాకే గోడ డబ్బయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అపార్ట్‌మెంట్ల కోసం ప్రత్యేకంగా చట్టం వచ్చింది 1987లో. ఫ్లాటు కొన్నవాడికి నేల విడిగా రాదు, అవిభక్త వాటా వస్తుంది. మెట్లు, లిఫ్టు, నడవ, నీళ్ళ ట్యాంకు అందరివీ. వాటికయ్యే ఖర్చు అందరూ పంచుకోవడం న్యాయమే, నేను కాదనను. కానీ ఆ పంపకాన్ని విడిగా ఒక పద్దుగా చూపించకుండా ఫ్లాటు కొలతలోనే కలిపేశారు. దాని పేరే సూపర్ బిల్టప్ ఏరియా. ఎంత కలపాలన్నదానికి చట్టంలో నిర్వచనం లేదు. ఒకరు పాతిక శాతం కలిపితే ఇంకొకరు ముప్ఫై అయిదు కలుపుతారు. అదే గది, అదే గోడ, బ్రోషర్లో అంకె మాత్రం పెరుగుతుంది. చదరపు అడుగు ధర తక్కువని సంతోషించినవాడు అడుగులు ఎక్కువ కొన్నానని తరవాత తెలుసుకుంటాడు.

అంకణానికీ దీనికీ తేడా ఇక్కడ ఉంది. అంకణం ఊరూరికీ మారేది, ఉన్నవాడికి పెద్దది, లేనివాడికి చిన్నది. అయినా కొనేవాడు తన కళ్ళతో సరిచూసుకోగలిగే కొలత అది. సూపర్ బిల్టప్‌ని సరిచూడాలంటే తన ఫ్లాటుని కొలిస్తే చాలదు. మొత్తం భవనాన్ని, అన్ని అంతస్తుల నడవల్ని, వాచ్‌మన్ గదిని కొలిచి, మిగతావాళ్ళ వాటాలు తెలుసుకుని భాగించాలి. అది అమ్మేవాడికి తప్ప ఎవరికీ సాధ్యం కాదు. కొలత కొనేవాడి చేతిలోంచి జారిపోయింది.

2016లో వచ్చిన స్థిరాస్తి నియంత్రణ చట్టం, జనం నోట్లో "రెరా", కార్పెట్ ఏరియాకి చట్టంలోనే నిర్వచనం ఇచ్చింది. బయటి గోడలు, సర్వీసు షాఫ్టులు, ఆ ఫ్లాటుకే చెందిన బాల్కనీ, వరండా, టెర్రేసు తీసేయాలి. లోపలి అడ్డగోడలు మాత్రం కలుపుకోవచ్చు. వంటిల్లు లెక్కలోకి వచ్చింది, సంతోషం. బిల్డరు కొనుగోలుదారుకి చెప్పాల్సిన కొలత ఇదే. ఒప్పందంలో ఇది రాస్తారు. కానీ హైదరాబాదులో సైటు ఆఫీసుకి వెళ్ళి అడగండి, "సిక్స్‌టీన్ ఫిఫ్టీ ఎస్సెఫ్టీ సార్" అంటారు. అది సూపర్ బిల్టపే. కార్పెట్ ఎంతని రెట్టించి అడిగితే కాగితాలు తిరగేసి చెబుతారు. చట్టం కాగితాన్ని మార్చగలిగింది, బేరం భాషని మార్చలేకపోయింది. చదరపు అడుగు సంగతీ అంతే: అమ్మకాల్లో మెట్రిక్ కాని కొలతలు వాడకూడదని 2009 నాటి తూనికలు కొలతల చట్టం చెబుతోంది. "ఈ ఫ్లాటు నూటపది చదరపు మీటర్లు" అన్న మనిషిని నేనైతే చూడలేదు.

అమెరికాలో ఉండే మనవాళ్ళకి ఇక్కడ ఇంకో చిక్కు. అక్కడ విడి ఇళ్ళని బయటి గోడల దగ్గరే కొలుస్తారు. కానీ గరాజ్ కలపరు. నేలమట్టానికి దిగువన ఉన్న బేస్‌మెంటుని ఎంత ముస్తాబు చేసినా ఆ అంకెలో చేర్చరు. రెండువేల అడుగుల ఇంట్లో ఉండి వచ్చినవాళ్ళు ఇక్కడ రెండువేల అడుగుల ఫ్లాటు బుక్ చేసి, తాళం చేతికొచ్చాక ఇరుకేమిటని బెంగపడతారు. ఇరుకు కాదు, అంకె వేరు.

అద్దె ఇళ్ళకి ఈ కొలతలేవీ అంటలేదు. కోస్తాలో ఇంట్లో అద్దెకిచ్చే భాగాన్ని వాటా అనేవాళ్ళు. రెండు గదులు, వంటిల్లు, ముందు వసారా, పెరట్లో బావి ఉమ్మడి. ఇప్పుడు టూలెట్ బోర్డు మీద డబుల్ బెడ్‌రూమ్ అని ఉంటుంది, అంతే. ఆ బెడ్‌రూములో మంచం వేశాక బీరువా తలుపు తెరుచుకుంటుందా లేదా అన్నది వెళ్ళి చూసుకోవాల్సిందే. విచిత్రం ఏమిటంటే, హైదరాబాదులో ఇంటిపన్ను వేసే కార్పొరేషను మాత్రం ప్రతి ఇంటికీ చదరపు అడుగుకి నెలకింత అని అద్దె ఊహించి, దాన్ని ప్లింత్ ఏరియాతో గుణిస్తుంది. ఇంటాయన ఎన్నడూ చెయ్యని లెక్క అది.

ప్రభుత్వాలు పేదలకిచ్చే ఇళ్ళలో కూడా ఈ పేర్ల తేడా ఉంది. తెలంగాణ డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు 560 చదరపు అడుగులు, ప్లింత్ ఏరియా. కేంద్రం 2015లో పట్టణాలకి ప్రకటించిన ఆవాస్ యోజనలో అట్టడుగు ఆదాయవర్గాల ఇల్లు 30 చదరపు మీటర్ల దాకా, కార్పెట్ ఏరియా. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పంచిన పట్టాలు పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర, అది నేల. ఈ మూడు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఏ ప్రభుత్వం ఎక్కువిచ్చిందని పోట్లాడేవాళ్ళు ముందు వాటిని ఒకే కొలతలోకి మార్చుకోవాలి. సెంటు స్థలం నెల్లూరు లెక్కలో ఆరంకణాలు, తిరుపతి లెక్కలో పన్నెండు. కట్టిన ఇంట్లో మాత్రం పైకి చూస్తే అంతా ఒకటే శ్లాబు, లెక్కపెట్టడానికి దూలాల్లేవు.