మామూజాన్ వాకిలి, ఖిలా గోడ

పోయిన చలికాలం మా పెద్ద మామూకి ఫాలిజ్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఇరవై రెండు రోజులు దవాఖానాలో ఉండి చక్రాల కుర్చీలో ఇంటికి వచ్చిన రోజు గేటు దగ్గరే ఆగిపోవాల్సి వచ్చింది. గేటు వెడల్పు మూడడుగులు. అది దాటగానే రెండు రాతి మెట్లు, ఆ పైన ఆంగన్. కుర్చీని నలుగురు కుర్రాళ్ళు జనాజా లేపినట్టు భుజాల దాకా లేపారు. ఆ పోలిక నాది కాదు, మామూజాన్‌దే. "అభీసే ఆదత్ డాల్ రహే క్యా రే" అని నవ్వారు. ముమానీ నవ్వలేదు.

ఇల్లు గోల్కొండ ఖిలా లోపల, ఫతే దర్వాజా వైపు. మిద్దె ఎక్కితే ఫసీల్, అంటే ఖిలా బయటి గోడ, అరవై గజాల దూరంలో కనిపిస్తుంది. చిన్నప్పుడు సెలవుల్లో ఆ మిద్దె మీదే మా పతంగులు. తెగిన పతంగు ఫసీల్ మీద పడితే దాన్ని ఖిలాకి సదఖా ఇచ్చినట్టే అనుకునేవాళ్ళం.

మామూ కొడుకు, నా తమ్ముడి వరస, వెంటనే మేస్త్రీని పిలిపించాడు. గేటు ఎనిమిదడుగులు చెయ్యాలి, మెట్లు తీసేసి ర్యాంపు పొయ్యాలి, ఆటో వెనక్కి వచ్చి వరండా దగ్గర ఆగాలి. ఇంతవరకూ సబబే. ఇంతలో గల్లీలో అందరికీ తెలిసిన ఒకాయన వచ్చి కూర్చున్నాడు. ఇక్కడ ఇటుక కదిపినా కేసు, జైలు, కూల్చివేత అన్నాడు. తనకి కొంత ముట్టజెబితే చూసుకుంటానన్నాడు. శుక్రవారం రాత్రి మొదలుపెట్టి సోమవారం తెల్లారేసరికి ముగించేయాలట, పైన పరదా కట్టి. మా వాడు భయపడి నాకు ఫోన్ చేశాడు. "భాయీజాన్, ఆప్ అఖ్బార్‌వాలే హై నా, కుఛ్ బోలో."

ఇరవయ్యేళ్ళుగా పత్రికలో ఉన్నా. పురాతన కట్టడాల చట్టం అని వార్తల్లో వందసార్లు రాసి ఉంటా. చట్టం మొత్తం ఒక్కసారీ చదవలేదు. ఆ రాత్రి చదివాను.

అది 1958 నాటి చట్టం, 2010లో దాన్ని గట్టిగా సవరించారు. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం హద్దు నుంచి నలువైపులా 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. దాని తర్వాత ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మొదటి వంద మీటర్లలో కొత్త నిర్మాణానికి అనుమతి ఇచ్చే అధికారం ఎవరికీ లేదు, సర్కారు తన సొంత పనికి అడిగినా సరే. ఉల్లంఘిస్తే రెండేళ్ళ దాకా ఖైదు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కాబట్టి గల్లీ పెద్దమనిషి చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. సగం నిజం. సగం నిజంతోనే అతని ఇల్లు గడుస్తోంది.

అతను చెప్పని సగం ఇది. నిర్మాణం అంటే ఏమిటో చట్టమే చెప్పింది: కొత్తగా లేపడం, ఉన్నదాన్ని పైకో పక్కకో పెంచడం. ఉన్న ఇంటిని బాగుచేసుకోవడం, అందులో మార్పు చేసుకోవడం వేరే ఖాతా. మురుగు కాలువ, నీటి పైపు, కరెంటు పని కూడా నిర్మాణం లెక్కలోకి రావు. 1992 జూన్ 16 కంటే ముందు నుంచీ ఉన్న ఇల్లయితే, నిషిద్ధ ప్రాంతంలో ఉన్నా సరే, మరమ్మతుకి యజమాని దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన ఉర్దూలో చెప్పాలంటే తామీర్ మనా, మరమ్మత్‌కి ఇజాజత్. ఈ రెండు మాటల మధ్య తేడా తెలియక మన మొహల్లాల్లో ఎన్ని ఇళ్ళు కురుస్తూ ఉన్నాయో, ఎన్ని ఇళ్ళు రాత్రికి రాత్రి లేచి నోటీసులు తిన్నాయో.

ఇక్కడ ఒక మాట, నా చదువు గురించి. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగు. కాలేజీలో మొదటి ఏడాది నా తెలుగు విని నవ్వని వాళ్ళు లేరు. అదే తెలుగులో ఈరోజు ఏ ఆఫీసుకి వెళ్ళినా దరఖాస్తు, దాఖలు, నకలు, హద్దు, మంజూరు, జరిమానా, రద్దు. చివరికి మరమ్మతు కూడా. తెలుగువాళ్ళు సర్కారుతో మాట్లాడే భాష సగం మా అబ్బా భాషే. అయినా ఆ కాగితాలు చూసి భయపడేది మనమే.

సరే, చట్టం తెలిసింది. కానీ ఒక కోట గోడకి మా మామూ వాకిలితో పనేమిటి? ఈ ప్రశ్నే నన్ను మళ్ళీ ఖిలాలోకి తీసుకెళ్ళింది.

బాలాహిసార్ దర్వాజా మీరు చూసే ఉంటారు. టికెట్ కొనుక్కొని అందరూ లోపలికి పోయేది అక్కడి నుంచే. చప్పట్లు కొట్టే తొందరలో చాలామంది గమనించనిది, ఆ దర్వాజాకి ఎదురుగా అడ్డంగా నిలబెట్టిన గోడ. దర్వాజాకి నేరుగా దారి లేకుండా చేసింది ఆ గోడే. దుష్మన్ ఏనుగుని తెచ్చి తలుపు మీదికి తోలాలంటే దానికి పరుగెత్తే జాగా ఉండాలి. ఆ జాగాని గోడ తినేసింది. పక్కనుంచి తిరిగి రావాల్సిందే. తలుపు ఎంత గట్టిదో, తలుపు ముందున్న దారి అంత ముఖ్యమని కట్టినవాళ్ళకి తెలుసు. ఆ గోడని ఎవరైనా ట్రాఫిక్‌కి అడ్డమని తీసేస్తే దర్వాజా అలాగే ఉంటుంది, కానీ అది అక్కడ ఎందుకుందో ఎవరికీ అర్థం కాదు.

1687లో ఔరంగజేబు సైన్యం ఎనిమిది నెలలు ముట్టడించినా ఖిలా పడలేదు. చివరికి పడింది దర్వాజా విరిగి కాదు. లోపలి సర్దార్ అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచానికి లొంగి ఖిడ్కీ గడియ తీయించాడు. అబ్దుర్రజాక్ లారీ ఒళ్ళంతా గాయాలతో పోరాడింది ఆ రాత్రే. గల్లీ పెద్దమనిషి 'రాత్రిపూట చూసుకుంటా' అన్నప్పుడు నాకు ఆ ఖిడ్కీయే గుర్తొచ్చింది, ఎందుకో.

దారి సంగతి చట్టంలో కూడా ఉంది, అదీ 2010 నుంచి కాదు. కర్జన్ కాలంలో, 1904లో బ్రిటిష్ ఇండియాకి వచ్చిన పురాతన కట్టడాల చట్టం తీయండి. ప్రాచీన కట్టడం అంటే రాయీ సున్నమూ మాత్రమే కాదు. దాని చుట్టూ కంచె వేయడానికి కావలసిన జమీన్, దాని దగ్గరికి వెళ్ళే దారి కూడా కట్టడమే అని నిర్వచనంలోనే రాశారు. 1958 చట్టం ఆ మాటని అలాగే ఉంచింది. వాకిలి బాట విషయం తర్వాత ఎవరో ఇరికించింది కాదన్నమాట.

ఆ 1904 చట్టం నిజాం రియాసత్‌కి వర్తించలేదు. మనకి మన మహకమా-ఎ-ఆసార్-ఎ-ఖదీమా ఉండేది, 1914లో పెట్టారు. గులాం యజ్దానీ దాని మొదటి నాజిమ్. అజంతా గుహల బొమ్మల మీద ఆయన తెచ్చిన సంపుటాలు ఇప్పటికీ పెద్ద లైబ్రరీల్లో కనిపిస్తాయి. బౌద్ధ గుహల బొమ్మల్ని ఒక ముస్లిం రియాసత్ ఖర్చుతో, ఒక ముస్లిం నాజిమ్ చేతుల మీదుగా కాపాడారన్నది మన పిల్లలకి బడిలో ఎవరూ చెప్పరు, మనం కూడా చెప్పం. కట్టడాల రక్షణకి రియాసత్ సొంత చట్టం 1337 ఫస్లీలో వచ్చింది, అంటే 1927-28. రియాసత్ పోయాక 1951లో పార్లమెంటు ఒక చట్టం చేసి పాత సంస్థానాల కట్టడాలని కూడా జాతీయ ప్రాముఖ్యం ఉన్నవిగా ప్రకటించింది. తర్వాత 1958 చట్టం.

ఇందులో ఎక్కడా వంద మీటర్లు లేవు. ఆ లెక్క 1992 జూన్ 16 నాటి నోటిఫికేషన్‌తో వచ్చింది. ఆ లెక్కలోనూ సందులు పుట్టాయి. 2006 నుంచి ఒక సలహా కమిటీ పేరుతో వంద మీటర్ల లోపల కూడా అనుమతులు ఇస్తూ పోయారు. 2009లో ఢిల్లీ హైకోర్టు ఆ పద్ధతికి చట్టంలో ఆధారం లేదని కొట్టేసింది. అప్పుడే 2010 సవరణ, దానితో నేషనల్ మాన్యుమెంట్స్ అథారిటీ. మా మామూ ఇంటి ర్యాంపు ఢిల్లీ దాకా పోవాల్సి రావడానికి అసలు కారణం, అంతకుముందు పెద్దవాళ్ళ బిల్డింగులకి సులువుగా దొరికిన అనుమతులు. నయా ఖిలాలో గోల్ఫ్ మైదానం ఉంది, ఆడేవాళ్ళు కార్లలో వస్తారు. నేను ఇంకేమీ అనను.

అలాగని చట్టం అనవసరం అని కూడా అనలేను. 2020 అక్టోబరు వానలకి ఖిలా గోడ కొంత కూలింది. గోడ పునాదిలోకి నీరు దిగితే ఏమవుతుందో ఆ రోజుల్లో చూశాం. అనుమతి ఏదీ లేకపోతే మిగిలేది ఏమిటో చూడాలంటే దీవాన్ దేవిడీకి వెళ్ళండి. సాలార్ జంగ్‌ల మహల్ అది. 1951లో నెహ్రూ వచ్చి సాలార్ జంగ్ మ్యూజియం తెరిచింది ఆ దేవిడీలోనే. ఇప్పుడు కమాన్లు నిలబడి ఉన్నాయి, వాటి వెనకాల బట్టల దుకాణాలు. దర్వాజా ఉంది, ఇల్లు లేదు.

మామూ ఇంటికి కావలసింది ఒకే రుజువు: 1992కి ముందే ఆ ఇల్లు అక్కడుందని. ముమానీ ట్రంకు పెట్టె తెరిచింది. పాత ఇంటి పన్ను రసీదులు, చెదలు తిన్న కరెంటు బిల్లు, అడుగున జుజ్‌దాన్ బట్టలో చుట్టిన బైనామా. స్టాంపు కాగితం మీద షికస్తా ఉర్దూ, 1352 ఫస్లీ, తీర్ నెల. అంటే 1943. మామూ పిల్లల్లో ఎవరికీ అది చదవడం రాదు, అందరిదీ ఇంగ్లీషు మీడియం. నేను టార్చి పట్టుకొని ఒక్కో అక్షరం విడదీశాను. నాలుగు హద్దుల దగ్గరికి వచ్చేసరికి నా గొంతు ఆగింది. మష్రిఖ్‌లో ఆమ్ రాస్తా. జునూబ్‌లో ఫలానా వారి మకాన్. షుమాల్‌లో ఖాళీ జమీన్. మగ్రిబ్‌లో: ఫసీల్-ఎ-ఖిలా. ఎనభై ఏళ్ళ కింద మా నానాజాన్ ఈ ఇల్లు కొన్నప్పుడే ఖిలా గోడని హమ్‌సాయాగా కాగితం మీద రాయించుకున్నాడు.

ఆ బైనామాని నేనే తెలుగులోకి తర్జుమా చేశాను. ఇరవై ఏడేళ్ళ కింద చదివిన తెలుగు డిగ్రీ మా ఖాందాన్‌కి పనికి రావడం అదే మొదటిసారి. మీ ఇళ్ళలో ఇలాంటి కాగజాత్ ఉంటే దయచేసి అర్థం కాలేదని పారేయకండి. ఫస్లీ సంవత్సరానికి 590 కలిపితే దాదాపు ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది.

గొడవ ఇక్కడే మొదలైంది. మా తమ్ముడు మెల్లగా అసలు సంగతి బయటపెట్టాడు. గేటు పైన ఒక గది కూడా వేసుకుంటే కిరాయి వస్తుందట, అబ్బా మందుల ఖర్చుకి. మేస్త్రీ ఎలాగూ వస్తున్నాడు కదా అన్నాడు. అది మరమ్మత్ కాదు, తామీర్ అన్నాను. "మీ ఇల్లు మెహదీపట్నంలో ఉంది భాయీజాన్, మీకేం" అన్నాడు. నిజమే. నా ఇంటి చుట్టూ ఏ కోటా లేదు, నేను కావాలంటే రేపు మూడో అంతస్తుకి దరఖాస్తు పెట్టుకోగలను. ఒక బీద ఇల్లు చరిత్ర పక్కన ఉన్నందుకు కట్టే మూల్యానికి ఈ దేశంలో ముఆవజా లేదు. వాడికి ఇవ్వడానికి నా దగ్గర జవాబు లేకపోయింది. రెండు రోజులు మాట్లాడుకోలేదు. మూడో రోజు మామూజాన్ వంకర తిరిగిన నోటితో, ముక్కలు ముక్కలుగా, "కమ్రా నక్కో. రాస్తా బస్" అన్నారు. అంతే.

నక్షాలో గది లేదు. గేటు ఎనిమిది కాదు, ఆరడుగులు. ఆటోకి అది చాలు. ర్యాంపు మొత్తం ఇంటి హద్దు లోపలే, గల్లీలోకి ఒక్క అంగుళం పోదు. వాలు మష్రిఖ్ వైపు, వాననీరు గల్లీ మోరీలోకి పోతుంది, ఫసీల్ వైపు కాదు. ఈ చివరి మాట ఇంజనీరు రాయలేదు, నేను పట్టుబట్టి రాయించాను. ఫోటోలు, బైనామా నకలు, తర్జుమా, పన్ను రసీదులు జతచేశాం.

చట్టంలో గడువులు ఉన్నాయి. సమర్థాధికారి 15 రోజుల్లో దరఖాస్తుని అథారిటీకి పంపాలి. అథారిటీ రెండు నెలల్లో సిఫారసు చెప్పాలి. అది అందాక నెలలోపు మంజూరో నామంజూరో రాతపూర్వకంగా చెప్పాలి. గోల్కొండకి కిలోమీటరు దూరంలో ఉన్న సాత్ గుంబజ్ పక్కన మీ ఇల్లు ఉంటే ఈ లెక్క వేరు. ఆ గుంబజులు రాష్ట్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి, ఖిలా కేంద్రం కింద. ముందు మీ పక్కనున్న కట్టడం ఎవరిదో కనుక్కోండి.

దరఖాస్తు దాఖలు చేసి నలభై ఒక్క రోజులయింది. గల్లీ పెద్దమనిషి మా వాడికి సలాం చెప్పడం మానేశాడు. జుమాకి ఇప్పటికీ నలుగురు కుర్రాళ్ళే కుర్చీని రెండు మెట్లు దింపుతున్నారు. ముమానీ క్యాలెండర్ మీద ఒక్కో రోజూ గీత కొడుతోంది.