సొరుగుల బీరువా

బట్టలు మడిచి పెట్టుకోవడానికి పడకగదిలో ఉంచే, ఒకదానిపై ఒకటిగా సొరుగులున్న కర్ర సామాను. 17వ శతాబ్దంలో ఇంగ్లండులో బాగా వాడుకలోకి వచ్చింది. అంతకుముందు మూతపెట్టెలే ఎక్కువ. అడుగునున్న బట్ట కావాలంటే పైవన్నీ తీయాల్సిందే.

పాశ్చాత్య దేశాల్లో ఓక్, వాల్‌నట్, చెర్రీ కర్రలతోనూ, తెలుగునాట ఎక్కువగా టేకుతోనూ చేస్తారు. టేకులోని సహజమైన నూనె వల్ల చెద త్వరగా పట్టదు. అదే నూనె జిగురును సరిగా అంటనివ్వదు కనుక, అతుకు పెట్టే ముఖాన్ని అప్పటికప్పుడు చిత్రిక పట్టాలి.

పనిలో అసలు చిక్కు కర్ర కదలిక. గాలిలోని తేమను బట్టి చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. పొడవులో మార్పు నామమాత్రం. అందుకే తేమ 12 శాతం దాకా తగ్గేలా ఆరబెట్టిన కర్రనే వాడతారు. అయినా పైపలకను జిగురుతో బిగించేస్తే ఏదో ఒక వేసవిలో పగులుతుంది. కోలగా తొలిచిన రంధ్రాల్లో మరలు వేసి, జరగడానికి చోటివ్వాలి. సొరుగు అడుగుపలకను కూడా గాడిలో వదులుగానే దూరుస్తారు.

సొరుగు ముందుపలకను పక్కపలకలతో కలిపేది పావురం తోక ఆకారపు అతుకు. సొరుగు లాగినప్పుడల్లా బరువు పడేది దానిమీదే. మేకులతో కొట్టిన సొరుగు అంతకాలం నిలవదు. చివరగా లక్క పాలిష్ గానీ అవిసె నూనె గానీ పట్టిస్తారు. సొరుగు బిగుసుకుంటే జారే అంచులకు కొవ్వొత్తి మైనం రుద్దడం పాత పద్ధతి. ఇప్పటికీ అదే సులువు.