లింకు డాక్యుమెంట్లలో మా ఊరివాళ్లు

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల వెంచర్లలో ప్లాటు కొన్న ప్రతి ఇంట్లోనూ బీరువా పై అరలో ఒక ప్లాస్టిక్ ఫైలు ఉంటుంది. సేల్ డీడ్, ఈసీ, లేఅవుట్ నకలు, వాటి అడుగున లింకు డాక్యుమెంట్ల, అంటే ఆ భూమి అంతకుముందటి అమ్మకాల కాగితాల, జిరాక్సులు. బ్యాంకు లోను మంజూరయ్యేదాకా ఆ కట్టను వకీలు చూస్తాడు, బ్యాంకువాళ్లు చూస్తారు. ఆ తర్వాత ఇంకెవరూ ముట్టరు. మా ఊళ్లలో ఇదివరకు ఎవరు బతికారు, ఎవరి బిడ్డను ఏ ఊరికిచ్చారు, ఏ ఇంటి అన్నదమ్ములు ఎప్పుడు వేరుపడ్డారు అన్న సంగతులు ఒకచోట దొరికేది మాత్రం ఆ కట్టలోనే. పొలాలు పోయి కాలనీలు లేస్తుంటే పాత కాపురాల చరిత్ర కొత్తగా వచ్చినవాళ్ల బీరువాల్లోకి చేరింది. చాలామందికి తమ దగ్గర అది ఉన్నట్టే తెలియదు.

లండన్ శివారులో ఇల్లు కొన్న మనిషికి, నూరేళ్ల కిందట ఆ ఇంట్లో ఎవరున్నారో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు. అక్కడి చర్చిలు 1538 నుంచి పెళ్లిళ్లు, బాప్టిజాలు, ఖననాలు రాసిపెట్టాయి. 1841 నుంచి జనాభా లెక్కల్లో ఇంటింటి మనుషుల పేర్లున్నాయి. నూరేళ్లు దాటాక వాటిని బయటపెడతారు. 1921 లెక్కలు 2022 జనవరిలో అట్లాగే జనం చేతికొచ్చాయి. మన దగ్గరా పంతొమ్మిదో శతాబ్దం నుంచే లెక్కలు తీస్తున్నారు. కాని 1948 నాటి సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, ఏ ఇంటివాళ్లు ఏం చెప్పారో చూసే హక్కు ఎవరికీ లేదు. ఊరికి ఇంత జనం అన్న మొత్తాలే మనకు మిగులుతాయి.

ఈ తేడా మనకు కూతవేటు దూరంలోనే కనిపిస్తుంది. మేడ్చల్‌కు దక్షిణాన ఉన్న బొల్లారం బ్రిటిష్ దండు ఉన్న చోటు. అక్కడి హోలీ ట్రినిటీ చర్చి 1847లో కట్టింది. కంటోన్మెంట్ చర్చిల్లో పాదరీలు రాసిన రిజిస్టర్లకు నకళ్లు తీసి మద్రాసుకు, అక్కడి నుంచి లండన్‌కు పంపేవారు. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. బొల్లారంలో పుట్టిన సోల్జరు బిడ్డ పేరు లండన్‌లో కూర్చుని వెతుక్కోవచ్చు. అదే కాలంలో మేడ్చల్‌లో పుట్టిన రైతు బిడ్డ పేరు కావాలంటే భూమి కాగితాల్లోకి దిగాలి. మన దగ్గర సర్కారు మనుషుల పేర్లు చూడగలిగేలా రాసిపెట్టింది శిస్తు కోసమే. కాబట్టి మన పెద్దలు దొరికేదీ శిస్తు పుస్తకాల్లోనే.

ఆ పుస్తకాల్లో ముందు తికమకపెట్టేది చిరునామా. నిజాం కాలంలో మేడ్చల్ తాలూకా అత్రాఫ్-ఎ-బల్దా జిల్లాలో ఉండేది. అది సర్ఫ్-ఎ-ఖాస్ ఇలాకా, అంటే నిజాం సొంత ఖర్చులకు రాబడి వెళ్లే ఎస్టేటు. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్‌ను సర్కారులో కలిపేశాక ఈ ఊళ్లు హైదరాబాద్ జిల్లాలోకి వచ్చాయి. 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లా పుట్టింది. అప్పటి ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి మేడ్చల్ నుంచే గెలిచినవాడు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. గడప దాటని ఒక కుటుంబం కాగితాల మీద మాత్రం నాలుగు జిల్లాల్లో కాపురముంది. పాత దస్తావేజులో అత్రాఫ్‌బల్దా అని కనిపిస్తే అదేదో వేరే ఊరనుకుని పక్కన పెట్టేస్తే తాతలు చేజారిపోతారు.

తారీఖులదీ అదే కథ. ఏటా రాసే భూమి లెక్కలైన పాత పహాణీల మీద ఉండేది ఫసలీ సంవత్సరం. దానికి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. 1364 ఫసలీ అంటే 1954-55. ఆ ఏడాది తయారైందే ఖాస్రా పహాణీ. తెలంగాణలో ఏ భూ తగాదా అయినా చివరికి దాని దగ్గరికే వచ్చి ఆగుతుంది. అంతకన్నా వెనక్కి వెళ్లాలంటే సేత్వార్ చూడాలి. సర్వే చేసి సెటిల్‌మెంట్ ఖాయం చేసినప్పుడు రాసిన మూల రిజిస్టరు అది. సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు, అన్నీ ఉర్దూలో, గొలుసుకట్టు రాతలో ఉంటాయి. ఆ రాత చదవగలిగిన పెద్దమనుషులు మా వైపు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు.

చదవగలిగితే, ఒక్క వరుసలో ఎంత సమాచారం ఉంటుందో! మాటవరసకు ‘మల్లయ్య వల్ద నర్సయ్య’ అని ఉందనుకోండి. వల్ద అంటే కొడుకు. ఒకే వరుసలో రెండు తరాలు దొరికాయి. పక్కన కౌమ్ అని కులం రాసి ఉంటుంది. ఇంటిపేరు మాత్రం చాలాసార్లు ఉండదు. పట్వారీకి ఊళ్లో ప్రతి మల్లయ్యా ఎదుటి మనిషే కాబట్టి అతనికి ఇంటిపేరుతో పనిపడలేదు. ఇవాళ వెతికేవాళ్లకు ఇదే పెద్ద చిక్కు. మనుమడికి తాత పేరు పెట్టే అలవాటువల్ల నర్సయ్య కొడుకు మల్లయ్య, అతని కొడుకు మళ్లీ నర్సయ్య. ఏ నర్సయ్య ఎవరో తేల్చాలంటే సర్వే నంబరు చేతపట్టుకుని ఏడాది తర్వాత ఏడాది పహాణీ చదువుతూ రావాలి. పేరు మారిన ఏడాదిలో విరాసత్ అనో ఫౌతీ అనో ఒక మాట ఉంటుంది. అది ఆ ఇంట్లో చావు. పుట్టిన తేదీలు దొరకని ఊరికి చనిపోయిన ఏడాదులు ఇట్లా దొరుకుతాయి.

విస్తీర్ణం కాలమ్ కూడా కుటుంబం సంగతే చెబుతుంది. ఎకరానికి నలభై గుంటలు. తాతకు ఎనిమిదెకరాలుండి నలుగురు కొడుకులైతే తలా రెండెకరాలు. వాళ్లకు మళ్లీ నలుగురేసి కొడుకులైతే తలా ఇరవై గుంటలు. సర్వే నంబరు పక్కన అ, ఆ, ఇ అంటూ బై నంబర్లు పెరుగుతూ పోయాయంటే ఆ ఇంట్లో పొయ్యిలు పెరిగాయని అర్థం. ఇరవై గుంటల మీద బతకలేక ఎవరు బాలానగర్, జీడిమెట్ల ఫ్యాక్టరీల దారి పట్టారో, ఎవరు ముందుగా అమ్ముకున్నారో ఆ తర్వాతి పేజీల్లో ఊహించుకోవచ్చు.

ఆడవాళ్ల జాడ మొదట్లో చాలా తక్కువ. ఉన్నచోట ‘జౌజె ఫలానా’ అనో ‘బేవా’ అనో ఉంటుంది, అంటే ఫలానావాడి భార్య, లేదా వితంతువు. మగదిక్కు లేనప్పుడే ఆమె పేరు పుస్తకంలోకి ఎక్కేది. ఈ మౌనం ఒక చట్టంతో చెదిరింది. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. 2005లో కేంద్ర చట్టం అదే హక్కును మిగతా కూతుళ్లకూ విస్తరించింది. దాంతో కొనేవాళ్ల వకీళ్లు ఆడబిడ్డల సంతకాలు లేనిదే ముందుకు కదలమన్నారు. 1990ల తర్వాతి సేల్ డీడ్లలో అమ్మేవాళ్ల జాబితా పొడుగైంది. ఫలానావారి కూతురు, ఫలానావారి భార్య, వయసు ఇంత, నివాసం తూప్రాన్, గజ్వేల్, కీసర, ఘట్‌కేసర్ అంటూ వివరాలు వచ్చాయి. ఏ ఇంటికి ఏ ఊళ్లతో వియ్యమో చెప్పే పటం ఇంత తీరుగా మరెక్కడా లేదు. భూమి చేజారిపోతున్న రోజునే మా ఆడబిడ్డల పేర్లు మొదటిసారి కాగితం మీదికి రావడం ఈ చరిత్రలో చేదైన ముక్క.

పట్టాదారు ప్రతిసారీ మనిషే కానక్కర్లేదు. శామీర్‌పేట దారిలో ఉన్న దేవరయాంజాల్‌లో సీతారామస్వామి గుడి పేరిట దాదాపు 1,500 ఎకరాలున్నాయన్న వివాదం మీద 2021లో ప్రభుత్వం ఐఏఎస్ అధికారుల కమిటీ వేసింది. ఆ గొడవలో జనం ముందుగా అడిగిందీ పాత పహాణీలో ఏముందనే.

ఇప్పటిదాకా చెప్పిందంతా పట్టా ఉన్నవాళ్ల సంగతి. ఊళ్లో సగం మందికి పట్టా ఎక్కడిది? వాళ్లను వెతకడానికి వేరే కాగితాలున్నాయి. చెరువు నీళ్లు మళ్లకు పంచిన నీరడికి, సర్కారు చాకిరీ చేసిన శేత్‌సింధీకి జీతం బదులు ఇనాం భూమి ఇచ్చేవారు. శామీర్‌పేటలాంటి పెద్ద చెరువున్న చోట నీరడి లేకపోతే నాటు పడదు. ఆ ఇనాం రికార్డుల్లో ఎక్కువగా కనిపించేది దళిత కుటుంబాలు. కౌలుకు దున్నినవాళ్ల కోసం రక్షిత కౌలుదారుల రిజిస్టరు ఉంది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద తయారైంది. పట్టా ఒకరిది, చెమట ఇంకొకరిది అన్నచోట రెండో మనిషి పేరు సర్కారు రాసుకున్న అరుదైన పుస్తకం ఇది. ఇక తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాలున్నాయి. స్టాంపు ఉండదు, రిజిస్ట్రేషన్ ఉండదు. అమ్మినవాడి వేలిముద్ర, కొన్నవాడి పేరు, కింద నలుగురు సాక్షులు. ఆ సాక్షులు సాధారణంగా గెట్టు పక్కవాళ్లు. ఒక్క బైనామా దొరికితే ఇరుగుపొరుగు అంతా దొరికినట్టే.

ఈ కాగితాలను కాపాడినవాళ్లూ మారుతూ వచ్చారు. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసింది. తరతరాలుగా ఒకే ఇంట్లో ఉన్న దస్త్రాలు తహసీలుకు చేరాయి. 2020 సెప్టెంబరులో వీఆర్వోలను తీసేసినప్పుడు మళ్లీ ఒకసారి రికార్డులు చేతులు మారాయి. అదే ఏడాది అక్టోబరు 29న ధరణి పోర్టల్‌ను అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రారంభించింది శామీర్‌పేట పక్కనున్న మూడుచింతలపల్లిలోనే. ధరణితో పట్టాదారు వివరాలు ఫోనులోకి వచ్చాయి. పాత పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ మాత్రం పోయింది. కౌలు రైతు పేరు ఉన్నది ఆ గడిలోనే. 2025లో వచ్చిన భూభారతి దానికి మళ్లీ చోటిస్తామంది. మధ్యలో ఆ కొన్నేళ్లు మా ఊళ్లలో దున్నింది ఎవరో రేపు వెతికేవాళ్లకు కాగితం మీద దొరకదు.

కాగితానికి ముందు నోరుంది. తెలంగాణ ఊళ్లలో ఒక్కో కులానికి దాని వంశం చెప్పే ఆశ్రిత కులం ఉండేది. మాదిగలకు డక్కలి, పద్మశాలీలకు కూనపులి, ముదిరాజులకు కాకిపడగల, గౌడులకు గౌడజెట్టి. ఏ ఊరు ఎవరి మిరాశో, అంటే ఎవరి వంశపారంపర్య హక్కో పంచుకుని, ఏళ్ల తరబడి ఎడంతో వచ్చి, చేర్యాల నకాషీలు గీసిన పటం విప్పి కులపురాణం చెప్పేవారు. కథ చివర ఊళ్లోని గోత్రాలు, ఇంటిపేర్లు, పెద్దల పేర్లు చదివి త్యాగం, అంటే తమకు రావాల్సిన కానుక, పుచ్చుకునేవారు. పహాణీలో లేని ఇంటిపేరు వాళ్ల నోట్లో ఉండేది. పట్టా లేనివాడి తాత పేరూ ఉండేది. కాలనీలు వచ్చాక పటం విప్పడానికి వాకిలి లేదు, త్యాగమిచ్చే కులపెద్దలు తలో దిక్కు పోయారు. ఇప్పటికీ మిరాశి గుర్తుపెట్టుకుని తిరిగే ముసలివాళ్లు అక్కడక్కడా ఉన్నారు. వాళ్ల మాట ఫోనులో రికార్డు చేయడానికి పది నిమిషాలు చాలు.

కొత్తగా ఇక్కడ స్థిరపడినవాళ్లకు ఒక పద్ధతి చెబుతాను. ముందు మీ లింకు డాక్యుమెంట్లను పాతదాని నుంచి కొత్తదాని వరకు వరుసగా పెట్టండి. ప్రతి దాంట్లో అమ్మినవాళ్ల పేర్లు, తండ్రుల పేర్లు, వయసులు ఒక తెల్లకాగితం మీదికి దించండి. వయసులను బట్టి పుట్టిన ఏడాదులు సుమారుగా తేలతాయి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఉంటే వంశవృక్షం సగం తయారైనట్టే. సర్వే నంబరు పట్టుకుని తహసీలులో ఖాస్రా పహాణీ నకలు, దొరికితే సేత్వార్ నకలు అడగండి. ఇంకా లోతుకు పోవాలనుకునేవాళ్లకు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. ఊరి బడిలో అడ్మిషన్ రిజిస్టరు ఉంటుంది. అందులోని పుట్టినతేదీలు ఎక్కువగా పంతులుగారు వేసినవే. తండ్రి పేరు, ఇంటిపేరు మాత్రం నమ్మవచ్చు.

ఇవన్నీ అయ్యాక అమ్మినవాళ్ల ఇంటికి వెళ్లండి. మా ఊళ్లలో భూమి అమ్మినవాళ్లు చాలామంది ఇంకా ఇక్కడే, పాత ఊళ్లోనే ఉన్నారు. తగాదా కోసం వచ్చారేమోనని మొదట జంకుతారు. కాగితం మీద వాళ్ల తాత పేరు చూపించి, బావి ఎక్కడుండేదమ్మా అని అడిగితే కూర్చోమంటారు. ఆ ఇంటి చరిత్ర చెప్పించుకున్నాక, మీ దగ్గర ఎవరు జీతముండేవారు, ఎవరు నాగలి కట్టేవారు అని కూడా అడగండి. పెద్దామె పేర్లు చెబుతుంది, వాళ్ల ఇల్లు ఏ వాడలో ఉండేదో చెబుతుంది. ఆ పేర్లు మీ ఫైలులో ఎక్కడా ఉండవు. సేల్ డీడ్‌లో వాళ్ల సంతకం అక్కర్లేదు కాబట్టి ఎవరూ రాసుకోలేదు. ఆ తెల్లకాగితం మీద వాళ్లనూ రాసి, ఫైలులో పెట్టి, ఇల్లు అమ్మేటప్పుడు కొన్నవాళ్లకు అప్పజెప్పండి.